పటాన్ని అడిగితే చెబుతుంది

1977వ సంవత్సరం నవంబరు 19. దీపావళి వెళ్ళి ఇంకా పదిరోజులు కాలేదు. కోస్తా జిల్లాలలో వరి పండి కోతకు సిద్ధంగా ఉన్నది. ఆ సాయంకాలం బంగాళాఖాతం నుంచి వచ్చిన పెద్ద తుఫాను చీరాల దగ్గర తీరం దాటింది.

కాని ఎక్కువమంది ప్రాణాలు పోయినది చీరాలలో కాదు. చీరాలకు తూర్పుగా సుమారు 65 కిలోమీటర్ల దూరాన, కృష్ణానది సముద్రంలో కలిసేచోట, దివిసీమ ఉన్నది. సముద్రం పొంగి ఆ సీమలోని ఊళ్ళమీద పడింది. ప్రభుత్వం చెప్పిన లెక్క ప్రకారమే ఆ తుఫానులో సుమారు 10,000 మంది చనిపోయారు. వారిలో చాలామంది దివిసీమవారే.

తుఫాను ఒకచోట దాటటమేమిటి, ఉప్పెన ఇంకొకచోట ముంచటమేమిటి? ఈ ప్రశ్నకు జవాబు పటంలో ఉన్నది. అయితే పటం తనంతట తాను ఏమీ చెప్పదు. మనం అడగాలి. పటాన్ని అడగవలసిన ప్రశ్నలు అయిదు: ఎటు? ఎంత దూరం? ఏమిటి? ఎంత ఎత్తు? ఎక్కడ? ఈ అయిదూ నేర్చుకుంటే దివిసీమ సంగతి మీకే తెలిసిపోతుంది.

గద్ద చూసిన బొమ్మ

మీ ఇంటి బొమ్మ గీయమంటే మీరు గోడలూ, తలుపూ, పైకప్పూ గీస్తారు. అది ఇంటి ఎదుట నిలబడి చూసిన బొమ్మ. పటం అటువంటిది కాదు. ఇంటి కప్పు తీసేశారనీ, ఆకాశంలో ఎగిరే గద్ద లోపలికి చూసిందనీ అనుకోండి. దానికి మంచం నలుచదరపు గడిలాగా కనిపిస్తుంది. నీళ్ళబిందె గుండ్రటి సున్నలాగా ఉంటుంది. తలుపు ఉన్నచోట గోడలో చిన్న ఖాళీ ఉంటుంది. గద్ద చూసిన ఆ బొమ్మను కాగితం మీద గీస్తే అది మీ ఇంటి పటం.

పటంలో అన్నీ ఉండవు. రోడ్ల పటంలో వానల సంగతి ఉండదు. వానల పటంలో రోడ్లు ఉండవు. అందుచేత పటం చేతికి రాగానే ముందుగా దాని పేరు చదవాలి. అది ఏ సంవత్సరంలో తయారైనదో కూడా చూడాలి. 2014 జూన్ 2కు ముందు అచ్చయిన పటంలో తెలంగాణ వేరే రాష్ట్రంగా కనిపించదు. 2022 ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 26 అయినాయి. అంతకు ముందరి పటంలో ఆ కొత్త జిల్లాలు లేవు. పటం అబద్ధమాడలేదు, దానికి వయసు మీరింది, అంతే.

ఎటు?

సాధారణంగా పటంలో పైవైపు ఉత్తరం, కిందివైపు దక్షిణం, కుడివైపు తూర్పు, ఎడమవైపు పడమర. మూలలు నాలుగు: తూర్పుకూ ఉత్తరానికీ మధ్య ఈశాన్యం, తూర్పుకూ దక్షిణానికీ మధ్య ఆగ్నేయం, దక్షిణానికీ పడమరకూ మధ్య నైరుతి, పడమరకూ ఉత్తరానికీ మధ్య వాయవ్యం. కాని ఉత్తరం పైనే ఉండాలన్న నియమం లేదు. పటంలో ఒక మూల బాణం గుర్తు ఉంటుంది. అది ఎటు చూపితే అదే ఉత్తరం.

ఇక్కడ చాలామంది ఒక పొరపాటు పడతారు. పటంలో పైన ఉన్నది ఎత్తుగా ఉంటుందనీ, నదులన్నీ పటంలో పైనుంచి కిందికే పారతాయనీ అనుకుంటారు. నైలునది దక్షిణాన పుట్టి ఉత్తరంగా పారి మధ్యధరా సముద్రంలో కలుస్తుంది. పటంలో అది కిందినుంచి పైకి ఎక్కుతున్నట్టు కనిపిస్తుంది! పటంలో పైన అంటే ఉత్తరమే కాని ఎత్తు కాదు. ఎత్తు సంగతి తెలుసుకోవటానికి వేరే ప్రశ్న అడగాలి.

పటాన్ని గోడకు తగిలించి చూడటం కంటె నేలమీద పరచి చూడటం మేలు. ఉదయం సూర్యుడికి ఎదురుగా నిలబడండి. మీ ఎడమచేతివైపు ఉత్తరం. పటంలోని ఉత్తరపు బాణాన్ని అటు తిప్పండి. ఇప్పుడు పటంలో రైలు స్టేషను ఎటు ఉంటే ఊళ్ళోనూ అటే ఉంటుంది. అయితే సూర్యుడు సరిగ్గా తూర్పున ఉదయించేది ఏడాదికి రెండుసార్లే, మార్చి 21, సెప్టెంబరు 23 ప్రాంతాలలో. మిగతా రోజుల్లో కొంచెం ఉత్తరానికో, దక్షిణానికో జరిగి ఉదయిస్తాడు. ఖచ్చితంగా కావాలంటే దిక్సూచి ఉన్నది. రాత్రిపూట ధ్రువనక్షత్రం ఉన్నది.

ఎంత దూరం?

మీ గది పొడవు 4 మీటర్లు. అంత కాగితం దొరకదు గనక 8 సెంటీమీటర్ల గీత గీశారనుకోండి. అప్పుడు కాగితం మీద 1 సెంటీమీటరు నేలమీద 50 సెంటీమీటర్లతో సమానం. దీన్ని 1 : 50 అని రాస్తారు. ఇదే పటానికి స్కేలు.

మన దేశపు పటాలు తయారుచేసే సర్వే ఆఫ్ ఇండియావారి పటాలలో 1 : 50,000 స్కేలుతో ఉన్నవి చాలా ఉపయోగపడతాయి. వాటిలో 1 సెంటీమీటరు అంటే నేలమీద 50,000 సెంటీమీటర్లు, అనగా అర కిలోమీటరు. పాత పటాలలో ఒక అంగుళం ఒక మైలుకు గుర్తు. మైలుకు 63,360 అంగుళాలు గనక ఆ స్కేలు 1 : 63,360.

స్కేలు అంకెలతోనే కాక, పటం అడుగున గడులుగా కొట్టిన చిన్న గీతతో కూడా చూపిస్తారు. ఆ గీతలో ఒక మంచి గుణం ఉన్నది. పటాన్ని ఫొటో తీసి పెద్దది చేసినా, చిన్నది చేసినా, గీత కూడా దానితోపాటు పెరిగి తరుగుతుంది. అంకెలలో రాసిన స్కేలు అట్లా మారదు గనక తప్పయిపోతుంది.

వంకరగా పోయే రోడ్డునూ, నదినీ ఎట్లా కొలవటం? ఒక దారం తీసుకుని దాని వెంట పరచండి. ఆ దారాన్ని సాగదీసి స్కేలుగీత మీద పెట్టండి. అయితే ఒక సంగతి గమనించండి. చిన్న పటంలో చిన్న చిన్న వంకరలు కనిపించవు. పెద్ద పటంలో కనిపిస్తాయి. అందుకే ఒకే తీరం రెండు పటాలలో రెండు పొడవులు చూపుతుంది. మన దేశపు సముద్రతీరం 7,516 కిలోమీటర్లని చాలాకాలం పుస్తకాలలో రాశారు. అంతకంటె వివరమైన పటాలమీద మళ్ళీ కొలిచి, 2024లో వెలువరించిన లెక్క ప్రకారం అది 11,098 కిలోమీటర్లు. సముద్రం పెరగలేదు. దారం మునుపటికంటె ఎక్కువ మూలలలోకి పోయింది.

కొలవకుండా గీసిన పటం ఎంత అందంగా ఉన్నా నమ్మరాదు. 1802 ఏప్రిల్‌లో విలియం లాంబ్టన్ అనే ఆయన మద్రాసు దగ్గర సెయింట్ థామస్ కొండ పరిసరాలలో ఒక సరళరేఖను ఉక్కు గొలుసుతో కొలవటం మొదలుపెట్టాడు. దాని పొడవు ఏడున్నర మైళ్ళు. ఆ కొలత పూర్తికావటానికి 57 రోజులు పట్టింది! త్రిభుజంలో ఒక భుజమూ, రెండు కోణాలూ తెలిస్తే మిగిలినవి లెక్కకట్టవచ్చునని మీకు బడిలో చెబుతారు. లాంబ్టన్ చేసినది అదే. ఆ ఒక్క గీతనుంచి మొదలుపెట్టి, కొండ మీదినుంచి కొండకు చూస్తూ, త్రిభుజం పక్కన త్రిభుజం చేర్చుకుంటూ పడమటి తీరానికి చేరాడు. మద్రాసునుంచి మంగుళూరుకు 400 మైళ్ళని అప్పటి పటాలు చెబుతుండేవి. కొలిస్తే 360 మైళ్ళే తేలింది. పటంలో 40 మైళ్ళ నేల ఉత్తదే!

ఏమిటి?

పటంలో మాటలు రాయటానికి చోటు చాలదు. అందుచేత గుర్తులు పెడతారు. గుడికి ఒకటి, మసీదుకు ఒకటి, చర్చికి ఒకటి, బావికి ఒకటి, వంతెనకు ఒకటి. ఏ గుర్తుకు ఏమి అర్థమో పటం అంచున ఒక పట్టిక ఉంటుంది. ఆ పట్టిక చూడకుండా పటం చదవటం అక్షరాలు రాకుండా పుస్తకం తెరవటం వంటిది.

రంగులు కూడా గుర్తులే. సర్వేవారి పటాలలో ఏడాది పొడుగునా నీరుండే నదులూ, చెరువులూ నీలం. అడవి ఆకుపచ్చ. సాగుభూమి పసుపు. ఊళ్ళూ, రోడ్లూ ఎరుపు. ఎత్తును చూపే గీతలు గోధుమరంగు. అడుగున పట్టిక చింపేసి మీకు పటం ఇచ్చినా, ఈ రంగులు తెలిస్తే ఆ ప్రాంతంలో మనుషులు ఎట్లా బతుకుతారో చెప్పగలరు. పసుపు మధ్య ఎర్రచుక్కలు దగ్గర దగ్గరగా ఉంటే అది పంటలు పండే ప్రాంతం. ఆకుపచ్చలో ఎక్కడో ఒక ఎర్రచుక్క ఉంటే అది అడవిలోని ఊరు.

అయితే బడిలోని అట్లాసులో ఆకుపచ్చ అడవి కాదు, పల్లపు నేల! ఒక పటంలోని రంగు ఇంకొక పటంలో పనికిరాదు. ప్రతిసారీ పట్టిక చూడవలసిందే.

ఎంత ఎత్తు?

కాగితం చదునుగా ఉంటుంది. దానిమీద కొండను చూపటం ఎట్లా? ఇది తెలుసుకోవటానికి ఒక పెద్ద బంగాళాదుంప కావాలి. దాన్ని నిలువుగా సగానికి కోసి, ఒక ముక్కను కోసినవైపు కిందికి పెట్టి గిన్నెలో ఉంచండి. అదే మీ కొండ. గిన్నెలో 1 సెంటీమీటరు ఎత్తున నీళ్ళు పోసి, నీరు తాకినచోట దుంప చుట్టూ పెన్సిలుతో గీత గీయండి. ఇంకొక సెంటీమీటరు పోసి మళ్ళీ గీయండి. దుంప మునిగేదాకా ఇట్లాగే చేయండి. తరవాత నీళ్ళు పారబోసి, గద్దలాగా పైనుంచి చూడండి. ఒకదానిలో ఒకటి ఇమిడిన గుండ్రటి గీతలు కనిపిస్తాయి. ఇవే సమోన్నత రేఖలు. ఒక్కొక్క గీత మీద ఉన్న చోట్లన్నీ ఒకే ఎత్తులో ఉంటాయి.

దుంప నిటారుగా ఉన్నవైపు గీతలు దగ్గరగానూ, వాలుగా ఉన్నవైపు ఎడంగానూ ఉంటాయి. పటంలోనూ అంతే. గీతలు ఇరుక్కుని ఉంటే ఎక్కటం కష్టం. ఎడంగా ఉంటే సైకిలు తొక్కుకుంటూ పోవచ్చు. 1 : 50,000 పటాలలో మామూలుగా గీతకూ గీతకూ మధ్య ఎత్తు 20 మీటర్లు. ఈ ఎత్తులన్నీ సముద్రమట్టం నుంచి లెక్కపెడతారు.

గోదావరి నడిచిన దారి ఈ గీతల వల్లనే అర్థమవుతుంది. గోదావరి నాసిక్ దగ్గర త్ర్యంబకంలో పుడుతుంది. అక్కడినుంచి పడమటి సముద్రం సుమారు 80 కిలోమీటర్లే. అయినా నది ఆ దగ్గర దారి వదిలి, తూర్పుగా సుమారు 1,465 కిలోమీటర్లు నడిచి బంగాళాఖాతంలో కలుస్తుంది! పటం చూడండి. పడమటి కనుమలకు పడమటివైపున గీతలు ఇరుకుగా ఉన్నాయి. అటు నేల ఒక్కసారిగా దిగిపోతుంది. తూర్పువైపున గీతలు ఎడం ఎడంగా ఉన్నాయి. ఇటు నేల మెల్లగా వాలుతుంది. గోదావరి కనుమల ఇవతలివైపున పుట్టింది. నీరు దగ్గర దారి చూడదు, పల్లం చూస్తుంది.

గోదావరి వెంట నడుద్దాం

ఆ నది వెంటే పటంమీద వేలు పెట్టి నడిస్తే భూగోళంలో వచ్చే మాటలు చాలావరకు తెలిసిపోతాయి.

త్ర్యంబకం గోదావరికి జన్మస్థానం. అక్కడినుంచి నది ఎత్తయిన విశాలమైన నేల మీద నడుస్తుంది. చుట్టుపక్కల నేలకంటె ఎత్తుగా ఉండి, పైన ఇంచుమించు చదునుగా ఉండే ఇటువంటి ప్రదేశం పీఠభూమి. దీని పేరు దక్కన్ పీఠభూమి. నిజామాబాదు జిల్లా కందకుర్తి దగ్గర మంజీర వచ్చి కలుస్తుంది. పెద్దనదిలో కలిసే చిన్ననది ఉపనది. రెండు నదులు కలిసేచోటు సంగమం. కాళేశ్వరం దగ్గర ప్రాణహిత కలుస్తుంది. అది మరొక సంగమం. గోదావరికీ, దాని ఉపనదులకూ ఏ నేల మీద పడిన వాననీరు చేరుతుందో ఆ నేలంతా గోదావరి పరీవాహక ప్రాంతం. అందుకే భద్రాచలంలో చుక్క వాన లేకపోయినా ఎగువ వానలకు వరద వస్తుంది.

భద్రాచలం దాటినాక నది తూర్పుకనుమలను కోసుకుంటూ పాపికొండల మధ్యనుంచి పోతుంది. కొండలమధ్య నది ఇరుకుగా దూరిపోయే చోటును గండి అంటారు. అక్కడ పటంలో గోధుమరంగు గీతలు నదికి రెండువైపులా ఒరుసుకుని ఉంటాయి. కొండలు దాటగానే ఆ గీతలు మాయమవుతాయి. నేల చదునైపోతుంది. ధవళేశ్వరం దిగువ నది పాయలుగా చీలిపోతుంది. గౌతమి ఒకటి, వసిష్ఠ ఒకటి. నది తెచ్చిన ఒండ్రుమట్టి పేరుకుని, సముద్రం ఒడ్డున విసనకర్రలాగా విప్పుకున్న ఈ నేల డెల్టా. పాయల మధ్య నీటితో చుట్టబడిన మెట్టలు లంకలు. అంతర్వేది దగ్గర వసిష్ఠ సముద్రంలో కలుస్తుంది.

ఆ సముద్రం బంగాళాఖాతం. నేల లోపలికి వంపు తిరిగి వచ్చిన విశాలమైన సముద్రభాగం అఖాతం. మూడువైపుల నీరూ, ఒకవైపు నేలా ఉంటే ద్వీపకల్పం. దక్షిణ భారతదేశం అటువంటిదే. రెండు నేలల మధ్య దూరిపోయి, రెండు పెద్ద నీటి భాగాలను కలిపే సన్నని సముద్రం జలసంధి. మనకూ శ్రీలంకకూ మధ్య ఉన్నది పాక్ జలసంధి.

ఎక్కడ?

తరగతిలో "మూడో వరస, నాలుగో అబ్బాయి" అంటే ఎవరో వెంటనే తెలిసిపోతుంది. భూమి మీద ఏ చోటునైనా ఇట్లాగే రెండు అంకెలతో చెప్పవచ్చు. భూమధ్యరేఖనుంచి ఉత్తరానికి గాని, దక్షిణానికి గాని ఎన్ని డిగ్రీలో చెప్పేది అక్షాంశం. ఇంగ్లండులోని గ్రీనిచ్ మీదుగా పోయే రేఖనుంచి తూర్పుకు గాని, పడమరకు గాని ఎన్ని డిగ్రీలో చెప్పేది రేఖాంశం. అక్షాంశ రేఖలు పటంలో అడ్డంగా ఉంటాయి, రేఖాంశ రేఖలు నిలువుగా ఉంటాయి. మచిలీపట్నం రమారమి 16 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 81 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గర ఉన్నది.

ఉత్తర దక్షిణాలుగా 1 డిగ్రీ అంటే ఎక్కడైనా సుమారు 111 కిలోమీటర్లు. రేఖాంశాలు మాత్రం ధ్రువాల దగ్గర ఒకచోట కలుసుకుంటాయి గనక, ఉత్తరానికి పోయినకొద్దీ వాటిమధ్య దూరం తగ్గుతుంది. మన ప్రాంతంలో తూర్పు పడమరలుగా 1 డిగ్రీ సుమారు 107 కిలోమీటర్లు.

భూమి 1 డిగ్రీ తిరగటానికి 4 నిమిషాలు పడుతుంది. అందుచేత తూర్పున ఉన్న ఊరికి సూర్యుడు ముందుగా వస్తాడు. ఊరికొక కాలం ఉంటే రైళ్ళు నడవవు గనక, దేశమంతటికీ ఒకే గడియారం పెట్టుకున్నాం. ఆ గడియారం 82½ డిగ్రీల తూర్పు రేఖాంశానిది. ఆ రేఖ మన కాకినాడకు దగ్గరగానే పోతుంది.

మీ ఊరి అక్షాంశం మీరే కనిపెట్టవచ్చు. రాత్రి ధ్రువనక్షత్రాన్ని చూడండి. అది నేల అంచునుంచి ఎన్ని డిగ్రీల ఎత్తున ఉన్నదో మీ ఊరి అక్షాంశం ఇంచుమించు అంతే. చెయ్యి బారుగా చాచి పట్టుకున్న పిడికిలి వెడల్పు రమారమి 10 డిగ్రీలు. మచిలీపట్నంలో ధ్రువనక్షత్రం పిడికిలిన్నరకు కొంచెం ఎత్తున కనిపిస్తుంది.

దివిసీమ ఎందుకు మునిగింది?

ఇప్పుడు అయిదు ప్రశ్నలూ మీ చేతిలో ఉన్నాయి. ఆంధ్ర తీరపు పటం ముందు పెట్టుకోండి.

ఎక్కడ? చీరాల మీద పెన్సిలుతో చుక్క పెట్టండి. తుఫాను కేంద్రం దాటినది అక్కడ. ఎంత దూరం? దివిసీమ అక్కడికి సుమారు 65 కిలోమీటర్లు. కాని తుఫాను ఒక చుక్క కాదు. దాని పెనుగాలులు కేంద్రం చుట్టూ ఎన్నో కిలోమీటర్లు వ్యాపించి ఉంటాయి. చీరాల చుట్టూ పెద్ద సున్న చుట్టండి. దివిసీమ ఆ సున్నలోనే పడుతుంది.

ఎటు? భూమధ్యరేఖకు ఉత్తరాన తుఫాను గాలి గడియారపు ముళ్ళకు ఎదురుదిక్కుగా సుళ్ళు తిరుగుతుంది. మీ సున్న మీద ఆ దిక్కుగా బాణాలు వేయండి. చీరాలకు తూర్పువైపున బాణాలు సముద్రం మీదినుంచి నేలమీదికి వస్తాయి. నైరుతివైపున నేలమీదినుంచి సముద్రం మీదికి పోతాయి. అంటే దివిసీమవైపు గాలి సముద్రాన్ని ఊళ్ళమీదికి తోసింది.

ఏమిటి? తీరపు గీతను చూడండి. నెల్లూరునుంచి ఉత్తరంగా వచ్చిన తీరం చీరాల దాటాక మోచెయ్యిలాగా వంగి తూర్పుకు తిరుగుతుంది. గాలి తోసిన నీరు ఆ మోచేతి వంపులో పోగుపడింది. పక్కకు పోవటానికి దారి లేక ఎత్తుకు లేచింది.

ఎంత ఎత్తు? దివి అనే మాటకు ద్వీపం అని అర్థం. కృష్ణ పులిగడ్డ దగ్గర చీలి, పాయలతో ఈ సీమను చుట్టి సముద్రంలో కలుస్తుంది. పటంలో ఈ సీమమీద గోధుమరంగు గీత ఎక్కడున్నదో వెతకండి. ఒక్కటి కూడా లేదు! గీత లేకపోవటం కూడా ఒక మాటే. ఈ నేలలో ఎక్కడా 20 మీటర్ల ఎత్తు లేదని దాని అర్థం. నిజానికి అది సముద్రానికి కొద్ది మీటర్ల ఎత్తునే ఉన్నది. ఆనాడు వచ్చిన ఉప్పెన సుమారు 5 మీటర్లు. పరిగెత్తటానికి దారి ఉన్నా, ఎక్కటానికి మెట్ట లేదు.

"తుఫాను చీరాల దగ్గర దాటుతుంది" అన్నమాట విని, మన ఊరు చీరాల కాదుగదా అనుకుంటే ఎంత ప్రమాదమో చూశారా? ఊరి పేరు వినటం వేరు, పటంమీద చూడటం వేరు.

మీరే చుక్కలు పెట్టండి

ఆ తరవాత మన తీరం వెంట తుఫాను ఆశ్రయ భవనాలు కట్టారు. ఉపగ్రహాలూ, రాడార్లూ వచ్చాయి. ఈనాడు తుఫాను పుట్టినప్పటినుంచి దాని కేంద్రం ఏ అక్షాంశం, ఏ రేఖాంశం దగ్గర ఉన్నదో వాతావరణశాఖవారు ప్రకటిస్తూ ఉంటారు. ఆ అంకెలు విని ఊరుకోకండి. పటంమీద చుక్క పెట్టండి. అభ్యాసానికి ఒక లెక్క చెబుతాను. ఇది నిజంగా జరిగినది కాదు.

ఉదయం 6 గంటలకు తుఫాను 13 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 84 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గర ఉన్నది. ఒక చుక్క పెట్టండి. సాయంకాలం 6 గంటలకు 14 డిగ్రీలు, 83 డిగ్రీలు. ఇంకొక చుక్క పెట్టండి. రెండు చుక్కలనూ కలపండి. తుఫాను ఎటు నడుస్తున్నది? వాయవ్యంగా. ఎంత దూరం వచ్చింది? స్కేలుతో కొలిస్తే సుమారు 155 కిలోమీటర్లు. అంటే గంటకు సుమారు 13 కిలోమీటర్లు. ఆ గీతను అదే దిక్కుగా పొడిగించండి. 15, 82 మీదుగా పోయి 16, 81 దగ్గర తీరాన్ని తాకుతుంది. ఆ చోటు పేరు చదవండి: దివిసీమ! ఇదే వేగంతో వస్తే ఇంకా 24 గంటల వ్యవధి ఉన్నది.

అయితే తుఫాను గీతమీద నడిచే రైలు కాదు. దిక్కు మారుతుంది, వేగం మారుతుంది, ఒక్కొక్కసారి సముద్రంలోనే నిలిచిపోతుంది. అందుచేత కొత్త ప్రకటన వచ్చినప్పుడల్లా కొత్త చుక్క పెట్టాలి. మీ చుక్కలు ఏమి చెప్పినా, అధికారులు ఇల్లు వదలమన్నప్పుడు వెంటనే వదలాలి. చుక్కలు పెట్టేది ఆ మాటను ఎదిరించటానికి కాదు, అది ఎందుకు చెప్పారో తెలుసుకోవటానికి.

"ఫోనులో పటం ఉన్నదిగదా, కాగితం ఎందుకు?" అని మీరు అడగవచ్చు. ఫోను పటం మంచిదే. కాని 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నాన్ని తాకినప్పుడు కరెంటు పోయింది, ఫోన్లు మూగబోయినాయి. కాగితం పటానికి కరెంటు అక్కరలేదు. పైగా ఈ అయిదు ప్రశ్నలూ ఫోను పటాన్ని కూడా అడగవలసినవే.

పెద్దలు కూడా ఒక పని చేయవచ్చు. జిల్లా పటం ఒకటి తెచ్చి ఇంట్లో గోడకు అంటించండి. రేడియోలోగాని, పత్రికలోగాని ఏదైనా ఊరిపేరు వచ్చినప్పుడు, "ఎక్కడున్నది, చూపించు" అని పిల్లలను అడగండి. మొదటి వారం వెతుకుతారు. నెల తిరిగేసరికి వాళ్ళే మిమ్మల్ని అడుగుతారు.

మీకు మూడు ప్రశ్నలు

1. 1 : 50,000 పటంలో రెండు ఊళ్ళ మధ్య రోడ్డు మీద దారం పరిస్తే 7 సెంటీమీటర్లు వచ్చింది. ఆ ఊళ్ళ మధ్య ఎన్ని కిలోమీటర్లు?

2. పటంలో ఒకదానిలో ఒకటి ఇమిడిన మూడు గీతలున్నాయి. బయటి గీత మీద 60 అనీ, నడిమి గీత మీద 40 అనీ, లోపలి గీత మీద 20 అనీ రాసి ఉన్నది. అది కొండా, గొయ్యా?

3. విశాఖపట్నం రేఖాంశం సుమారు 83¼ డిగ్రీలు, హైదరాబాదుది సుమారు 78½ డిగ్రీలు. రేఖాంశాలనుబట్టి చూస్తే సూర్యుడు విశాఖపట్నానికి ఎన్ని నిమిషాలు ముందు వస్తాడు?

జవాబులు: 1. మూడున్నర కిలోమీటర్లు. 2. గొయ్యి, లోపలికి పోయినకొద్దీ ఎత్తు తగ్గుతున్నది. 3. తేడా 4¾ డిగ్రీలు, డిగ్రీకి 4 నిమిషాలు గనక 19 నిమిషాలు.